అప్పు లేదన్న పదకొండు మంది

నా పీహెచ్‌డీ ప్రశ్నావళి మొదట తొమ్మిది పేజీలు, 74 ప్రశ్నలు. తెనాలి చుట్టుపక్కల కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి వేసే కౌలు రైతుల అప్పుల మీద నా పని. రెండు పాత థీసిస్‌ల చివర ఉన్న ఇంగ్లీషు ప్రశ్నలు తీసుకుని, రెండు రాత్రులు కూర్చుని తెలుగు చేశాను. స్పైరల్ బైండింగ్ చేయించి మరీ తీసుకెళ్లి గైడ్ గారి టేబుల్ మీద పెట్టాను. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "ముందు ఒక ఇరవై మందిని అడిగి రా అమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నారు. బాగుందో లేదో మాత్రం చెప్పలేదు.

మొదటి ఇంట్లోనే తేలిపోయింది. అరవై దాటిన పెద్దాయన, అరుగు మీద కూర్చున్నాడు. నేను కాగితం చూస్తూ చదివాను: "మీ కుటుంబ ఋణగ్రస్తత స్థాయి గత సంవత్సరంతో పోలిస్తే ఏ మేరకు మారింది?" ఆయన నా మొహం చూసి, లోపలికి తిరిగి కోడల్ని పిలిచాడు. "ఏందో అడుగుతోంది చూడమ్మా." కోడలు డిగ్రీ చదివిందట. ఆమెకీ అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే, ఆ వాక్యం బయటికి చదివాక నాకే అర్థం కాలేదు.

అప్పటికప్పుడు మామూలు మాటల్లోకి మార్చి, "మీకు అప్పులు ఉన్నాయా అండీ?" అని అడగడం మొదలుపెట్టాను. ఇరవై మందిలో పదకొండు మంది లేవన్నారు.

మొదట సంబరపడ్డాను, కొత్త సంగతేదో కనిపెట్టానని. బస్సులో తిరిగొస్తుంటే అనుమానం మొదలైంది. జాతీయ నమూనా సర్వే వాళ్లు 2019లో చేసిన 77వ విడత లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. ఒక్కో కుటుంబానికి సగటున 2,45,554 రూపాయలు, అంటే దేశంలోనే ఎక్కువ. దేశం మొత్తానికి ఆ సగటు 74,121. అలాంటి చోట, అందులోనూ సొంత పొలం లేని కౌలు రైతుల్లో, సగం మందికి పైగా అప్పు లేదంటున్నారంటే తప్పు వాళ్లది కాదు, నాది.

ఆ పదకొండు మంది దగ్గరికీ మళ్లీ వెళ్లాను. ఈసారి కాగితం సంచిలోంచి తియ్యలేదు. ఈ కారు పంటకి పెట్టుబడి ఎక్కణ్ణుంచి వచ్చిందని మాత్రం అడిగాను. ఒకాయన విత్తనాల దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయాడు. ఎరువుల కొట్లో ఖాతా ఉంది, పంట రాగానే కడతాం. ధాన్యం కొనే ఆయన ముందే కొంత ఇచ్చాడు, ధాన్యం ఆయనకే వెయ్యాలి. మా ఇంట్లో ఆమె పేరు మీద డ్వాక్రా డబ్బులు ఉన్నాయి, అది ఆమె చూసుకుంటుంది. చీటీ పాడుకున్నాం, ఇంకా ఎనిమిది నెలలు కట్టాలి. బావమరిది చేబదులు ఇచ్చాడు. ఇంత చెప్పి, "అప్పంటూ ఎవరి దగ్గరా చెయ్యలేదమ్మా" అన్నాడు.

అబద్ధం ఆడలేదాయన. ఆ ఊళ్లో అప్పు అంటే నోటు రాసి, వడ్డీకి తెచ్చుకున్న డబ్బు. కొట్లో రాయించుకున్నది ఖాతా. బంధువులిచ్చింది చేబదులు. డ్వాక్రాది డ్వాక్రా. నా నిఘంటువులో ఇవన్నీ ఒకే మాట కింద ఉన్నాయి, వాళ్లకి ఒక్కోదానికీ ఒక్కో పేరుంది. మళ్లీ లెక్క వేస్తే ఆ పదకొండు మందిలో పది మందికి ఏదో ఒక బాకీ తేలింది. ఆ ఒక్క ప్రశ్న తీసేసి, దాని చోట ఏడు చిన్న ప్రశ్నలు పెట్టాను. కొట్లో ఖాతా ఉందా, తాకట్టులో బంగారం ఉందా, చీటీ పాడుకున్నారా, ఇలా. ప్రశ్నావళి పొడవు తగ్గించాలని పుస్తకాల్లో రాస్తారు గానీ ఇక్కడ నాకు పెంచక తప్పలేదు.

వడ్డీ సంగతి ఇంకా ఘోరం. నా కాగితంలో "సంవత్సరానికి వడ్డీ శాతం" అని ఒక గడి. "రెండు" అని చెబితే 2 అని రాసుకున్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే వడ్డీ వ్యాపారి బ్యాంకు కంటే చవగ్గా ఇస్తున్నట్టు వచ్చింది! రెండు అంటే రెండు రూపాయల వడ్డీ, నూటికి నెలకి రెండు, అంటే ఏడాదికి 24 శాతం. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, మా నాన్న నోట ఈ మాట వెయ్యిసార్లు విన్నదాన్ని. చేతిలో కాగితం ఉంటే ఆ తెలివి ఎక్కడికి పోతుందో! ఆ గడిని "నూటికి నెలకి ఎన్ని రూపాయలు" అని మార్చాను, శాతాల లెక్క తర్వాత నేనే చేసుకోవచ్చని.

"గత సంవత్సరం" అన్న మాటతోనూ ఇదే తంటా. కొందరికి జనవరి నుంచి, కొందరికి ఉగాది నుంచి, కొందరికి నారు పోసినప్పటి నుంచి. గైడ్ గారు అప్పుడు 1999-2000 నాటి వినియోగ ఖర్చుల సర్వే సంగతి చెప్పారు. ఆ విడతలో తిండి ఖర్చుని గత ఏడు రోజులకీ, గత ముప్పై రోజులకీ పక్కపక్కనే అడిగారు. జనం ఒకదాన్ని బట్టి ఇంకోదాన్ని సరిచేసుకుని చెప్పి ఉంటారని, దానివల్ల పేదరికం లెక్కలు పాతవాటితో పోల్చడానికి పనికిరావని పెద్ద వాదనే నడిచింది. ఎన్నాళ్ల సంగతి అడుగుతున్నామన్నదాన్ని బట్టి దేశంలో పేదల సంఖ్యే మారుతుందన్నమాట. నేను "పోయిన సంక్రాంతి నుంచి మొన్న సంక్రాంతి దాకా" అని పెట్టుకున్నాను. ధాన్యం ఇంటికొచ్చి, కౌలు బస్తాలు కొలిచి, బాకీలు తీర్చేది ఆ రోజుల్లోనే కాబట్టి అది అందరికీ గుర్తుంటుంది.

కొన్ని ప్రశ్నలు సిగ్గుతో కొట్టేశాను. "బ్యాంకు, సొసైటీ సిబ్బంది మీతో మర్యాదగా, సకాలంలో వ్యవహరిస్తున్నారా?" అన్నది చూడటానికి ఒకటే ప్రశ్న, విడదీస్తే నాలుగు. సొసైటీ గుమస్తా మర్యాదస్తుడే, పని మాత్రం కాదు, అలాంటప్పుడు ఏ గడిలో టిక్కు పెట్టాలి? "వడ్డీ వ్యాపారుల దోపిడీ వల్ల ఇబ్బంది పడుతున్నారా?" అన్నది ఇంకా అన్యాయం. జవాబు నేనే రాసిచ్చి సంతకం పెట్టమన్నట్టుంది. దానికి ఒకామె, "ఆయన లేకపోతే మా అమ్మాయి పెళ్లి అయ్యేది కాదు, దోపిడీ అంటావేంది?" అని నన్నే కోప్పడింది.

అయిదు మెట్ల స్కేలు కూడా తేలిపోయింది. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తెచ్చిన పద్ధతి, "గట్టిగా ఏకీభవిస్తాను" నుంచి "అసలు ఏకీభవించను" దాకా. ప్రతి థీసిస్‌లోనూ ఉంటుంది. మా ఊళ్లలో ఏ వాక్యం చదివినా "అంతేగా మరి" అన్నారు. దానికి సరిగ్గా వ్యతిరేకమైన వాక్యం చదివినా "అంతేగా మరి" అనే అన్నారు. ఇంటికొచ్చిన ఆడపిల్లని కాదనడం ఎందుకన్న మర్యాద అది. దాంతో స్కేలు పక్కనపెట్టి చింతపిక్కలు పట్టుకున్నాను. పది పిక్కలు ముందు పోసి, "మీరు కట్టాల్సిందంతా ఈ పది అనుకోండి, కొట్టుకెన్ని, బ్యాంకుకెన్ని, నోటు మీద ఎన్ని?" అనేదాన్ని. గ్రామాల్లో పనిచేసేవాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్న పద్ధతే ఇది. నోటితో మొత్తం చెప్పడానికి మొహమాటపడ్డవాళ్లు పిక్కలైతే చకచకా పంచేవాళ్లు. ఒకాయన ఆరు పిక్కలు కొట్టు వైపు జరిపి, కాసేపు చూసి, పక్కనున్న ఏడోదాన్ని కూడా అటే తోశాడు. డబ్బు మొత్తం మాత్రం చివరి దాకా చెప్పలేదు.

సంతకం గురించి ముందే ఆలోచించాల్సింది. మా ఎథిక్స్ కమిటీకి సమ్మతి పత్రం మీద సంతకం కావాలి. కౌలు రైతు చేతికి కాగితమిచ్చి కింద సంతకం పెట్టమంటే అతనికి గుర్తొచ్చేది ప్రోనోటు. మొదటి వారంలో ముగ్గురు అక్కడే లేచి వెళ్లిపోయారు. కమిటీకి ఉత్తరం రాస్తే, విషయం చదివి వినిపించి నోటి మాటతో ఒప్పుకుంటే చాలు, ఒక సాక్షి ఉంటే సరిపోతుందని ఒప్పుకున్నారు. ఆ జవాబు రావడానికి నెలన్నర పట్టింది. ఈలోగా కోతలు మొదలై ఎవరూ ఇంటిపట్టున దొరకలేదు.

ఎవర్ని అడగాలన్నది ఇంకో తలనొప్పి. అంతకుముందు ఏడాది గూగుల్ ఫామ్ తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో వదిలాను. 61 జవాబులొచ్చాయి. ఎక్కువమంది రైతుల కొడుకులు, హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. ఈ తప్పు నాకంటే పెద్దవాళ్లే చేశారని చదివి కాస్త ఊరట పడ్డాను. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల జాబితాల్లాంటివి పట్టుకుని దాదాపు కోటి కార్డులు పంపింది. 20 లక్షలకి పైగా తిరిగొచ్చాయి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్‌వెల్ట్ రెండు రాష్ట్రాలు తప్ప అన్నీ గెలిచాడు.

కౌలు రైతులకి సరైన జాబితా లేదు. 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులిచ్చారు, 2019 చట్టం కింద సాగు హక్కు పత్రాలు వచ్చాయి. ఈ రెండోదానికి పొలం యజమాని ఒప్పుకోలు కావాలి. సంతకం పెడితే పొలం మీద హక్కు పోతుందేమోనని యజమానికి భయం. కాబట్టి కార్డులున్నవాళ్ల జాబితా పట్టుకుంటే, యజమానితో మాట కలిసిన రైతులే దొరుకుతారు, నాకు కావాల్సినవాళ్లు జారిపోతారు. చివరికి ఆరు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి, ఎవరు ఎంత కౌలుకి చేస్తున్నారో నేనే రాసుకున్నాను. ఆ జాబితాలోంచి వరసలో ఇన్ని ఇళ్లకి ఒకటి అని లెక్కపెట్టి ఊరికి 40 మందిని తీసుకున్నాను. మొత్తం 240. సర్వేకి ఇంతమంది ఉండాలని అందరూ చెప్పే 384 ఎందుకు కాదని వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, అడుగుతారని తెలుసు. ఆ 384 అన్నది పెద్ద జనాభాలోంచి చీటీలు తీసినట్టు విడివిడిగా మనుషుల్ని ఎంచుకున్నప్పుడు వచ్చే లెక్క. ఒకే ఊళ్లో నలభై మందిని అడిగితే వాళ్లందరిదీ అదే కాలవ, అదే కొట్టు, అదే వడ్డీ వ్యాపారి. 384 మందిని అడిగినా ఆ లోటు పూడదు. జిల్లా మొత్తానికి వర్తిస్తుందని థీసిస్‌లో ఎక్కడా రాయలేదు.

సాయానికి ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లని పెట్టుకున్నాను. ఒకడి ఫారాలు మరీ చక్కగా ఉండేవి. అనుమానం ఎక్కడొచ్చిందంటే వయసుల దగ్గర. మామూలుగా మన ఊళ్లలో వయసు అడిగితే నలభై, నలభై ఐదు, యాభై అంటారు. నా ఫారాల్లో అన్నీ సున్నాలు, అయిదులే. ఇతని ఫారాల్లో 43, 47, 52, 38, ఒక్కటీ గుండు సంఖ్య లేదు. పదిమందికి ఫోన్ చేస్తే నలుగురు, "మా ఇంటికి ఎవరూ రాలేదే" అన్నారు. ఆ ఫారాలన్నీ పక్కన పడేసి ఆ ఇళ్లకి నేనే తిరిగాను. తిట్టాలనిపించింది గానీ ఎండలో ఫారానికి నేనిచ్చే డబ్బులెంతో నాకు తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

ఇంట్లో మగవాళ్లని ఒక్కళ్లనే అడిగితే సరిపోదని కూడా ఆలస్యంగానే తెలిసింది. అరుగు మీద నలుగురు చుట్టూ చేరితే, వాళ్లలో ఆసామి తమ్ముడో, కొట్టాయనో ఉంటే ఇక జవాబులన్నీ పత్తి గింజల్లా పొడిగా ఉంటాయి. మంచినీళ్లు అడిగే వంకతో వంటింట్లోకి వెళ్తే అసలు సంగతులు బయటపడేవి. బంగారం తాకట్టు గురించి భర్త "లేదు" అన్న ఇళ్లలో భార్య మెళ్లో పసుపుతాడు చూపించిన సందర్భాలు ఎన్నో. తర్వాత ఫారాన్ని రెండుగా చీల్చి, బంగారం, డ్వాక్రా, చీటీల ప్రశ్నలు ఆడవాళ్లనే విడిగా అడిగాను. ఒకరు చెప్పింది ఇంకొకరి ముందు అనకూడదని మా కుర్రాడికి గట్టిగా చెప్పాను. నేను ఒకసారి నోరుజారాను. ఆ ఇంటికి మళ్లీ వెళ్లలేదు.

ఆఖరి ఊళ్లో ఆఖరి ఇల్లు ఒక ముసలామెది. భర్త పోయాక రెండెకరాలు కౌలుకి తనే చేయిస్తోంది. పిక్కలన్నీ పంచేసి, నేను ఫారం మడుస్తుంటే, "ఇంతకీ నీకెంత అప్పుందమ్మాయ్?" అంది.

"నాకేం అప్పుల్లేవు పెద్దమ్మా" అన్నాను.

"ఆ పెట్టెలాంటిది కొనుక్కున్నావుగా, డబ్బులిచ్చేశావా?"

లాప్‌టాప్. ఈఎంఐలు ఇంకా ఏడు ఉన్నాయి. ఫెలోషిప్ ఆలస్యమైతే అన్నయ్య పంపిన ముప్పై వేలు కూడా అప్పుడే గుర్తొచ్చాయి. చెప్పాను. ఆమె తన కుప్పలోంచి రెండు పిక్కలు ఏరి నా వైపు జరిపింది.

"రాసుకో" అంది.