ఎర్ర అట్ట రిజిస్టరు

మన పాలిటెక్నిక్ పాత విద్యార్థుల సమ్మేళనానికి వేస్తున్న సావనీర్ కమిటీ వాళ్ళు ఫోన్ చేసి "రెండు పేజీలు రాయి, ఫస్ట్ బెంచీ ముగ్గురి తరఫునా నువ్వే" అన్నారు. మిగతా ఇద్దరిలో ఒకరు మస్కట్‌లో ఉన్నారు, ఇంకొకరు రాజమండ్రిలో మనవరాలి పనిలో ఉన్నారు. సరేనన్నాను. హాస్టల్ సాంబారు గురించి, స్ట్రయిక్ గురించి, లాంచీ దిగలేక ఏడ్చినవాడి గురించి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నాకు మాత్రం మన పాలిటెక్నిక్ అనగానే మెషీన్స్ ల్యాబూ, నాలుగో టేబులూ, ఆ ఎర్ర అట్ట రిజిస్టరూ కళ్ళ ముందుకొస్తాయి.

1990, వేసవి సెలవులయ్యాక మొదటి ల్యాబు. డీసీ షంట్ జనరేటర్ తిరుగుతోంది. స్పీడు సరిపోయింది. వోల్ట్‌మీటర్ ముల్లు మాత్రం సున్నా దగ్గర నుంచి కదలదు. మొదటి బ్యాచ్ వాళ్ళు కనెక్షన్లు మూడుసార్లు విప్పి కట్టారు. మన టాపర్ ఫీల్డ్ రెసిస్టెన్స్ లెక్కలతో బోర్డంతా నింపేశాడు. బ్రష్షులు చూశాం, ఫ్యూజులు చూశాం. మెషీన్స్ సారు జేబులో టెస్టర్ పెట్టుకుని, చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడి మనల్నే చూస్తున్నారు. ఆయనకు కారణం తెలుసు. గంటన్నర దాటినా నోరు విప్పలేదు.

అప్పుడు వెనక బెంచీ నుంచి లేచాడు. ఎవరో మీకు చెప్పక్కర్లేదు. లెక్కలు రెండుసార్లు తప్పి, ల్యాబులో ఎవరి కంటా పడకుండా నిలబడేవాడు. "సార్, మా మావయ్య షాపులో లారీ డైనమో ఇలాగే పడుకుంటే బ్యాటరీ తగిలించి లేపుతాం" అన్నాడు. మనలో చాలామంది నవ్వారు. నేనూ నవ్వాను, ఆ నవ్వు ఇవాళ్టికీ నాకు బాధే. సారు నవ్వలేదు. "తగిలించు" అన్నారు.

స్టోర్ రూమ్ నుంచి బ్యాటరీ తెచ్చారు. మిషన్ ఆపించి, ఫీల్డ్ చివరలు విప్పి, ప్లస్సూ మైనస్సూ రెండుసార్లు సరిచూసుకుని కొద్ది క్షణాలు తగిలించి తీశాడు. చిన్న నిప్పురవ్వ. మళ్ళీ కలిపి తిప్పేసరికి ముల్లు ముందు వణికింది, తర్వాత మెల్లగా లేచింది, ఆ పైన ఒక్క ఊపున 220కి ఎక్కింది. ఎవరు మొదలుపెట్టారో గానీ పక్క సివిల్ క్లాసు వాళ్ళు పరిగెత్తుకొచ్చేలా చప్పట్లు కొట్టాం.

సారు కారణం అప్పుడు చెప్పారు. వోల్టేజి పుట్టడానికి ముందు మిషన్ లోపల ఫీల్డ్ తీగ చుట్టిన పోలు ఇనుములో ఎంతో కొంత అయస్కాంతత్వం మిగిలి ఉండాలి. అది పోయింది. బ్యాటరీ దాన్నే తిరిగి తెచ్చింది. మనమంతా పరీక్షలో ఆ ప్రశ్నకు జవాబు రాసినవాళ్ళమే. అయినా మిషన్ ముందు ఒక్కరికీ తట్టలేదు.

ఆ తర్వాతే ఆయన బీరువా తెరిచి రిజిస్టరు తీశారు. మూడు గడులు: ఏమైంది, ఏం చేశాం, ఎవరు చెప్పారు. మూడో గడిలో వాడి పేరు వాడి చేతే రాయించారు. దాని కింద "మావయ్య షాపు పేరు కూడా రాయి" అన్నారు. ఆ రోజు నుంచి వాడు మనకు డైనమో అయ్యాడు. ఆ సంవత్సరం లెక్కలు పాసయ్యాడు కూడా. రెండింటికీ సంబంధం ఉందనే నా నమ్మకం.

ఆ తర్వాత ఫైనలియర్, ఫేర్‌వెల్, ఉద్యోగం కోసం తిరిగిన రోజులు, అన్నీ ఎలా గడిచాయో గడిచాయి. 1994లో నాకు విద్యుత్ శాఖలో సబ్ ఇంజనీరుగా శ్రీకాకుళం జిల్లా తీరంలో పోస్టింగ్ వచ్చింది.

మొదటి డిసెంబరు. నౌపడ ఉప్పు మడుల వైపు వెళ్ళే 11 కేవీ ఫీడర్ లైను రోజూ తెల్లవారుజామున ట్రిప్ అయి కరెంటు పోతోంది. పొద్దెక్కాక చార్జ్ చేస్తే నిలబడుతోంది. పగలంతా లైను పొడవునా నడిచాం, చెట్టుకొమ్మ తగిలిన గుర్తు కూడా లేదు. నాలుగు రోజులు అదే టెన్షన్. ఐదో రోజు సాయంత్రం, టీ కొట్టు దగ్గర, ఏడో తరగతి చదివిన పెద్ద లైన్‌మన్ ఒకాయన గ్లాసు కింద పెట్టి అన్నాడు: "పగలెల్తే ఏటి కనపడతాదమ్మా? తెల్లారగట్ట సీకట్లో రండి."

నాలుగున్నరకు వెళ్ళాం. మంచు కురుస్తోంది. ఆయన టార్చి ఆర్పించాడు. దూరంగా ఒక స్తంభం మీద, తీగను మోసే పింగాణీ పిన్ ఇన్సులేటర్ చుట్టూ సన్నటి నీలం వెలుగు పాకుతోంది. దగ్గరికి వెళ్తే పోపులో ఆవాలు చిటపటలాడిన చప్పుడు. గాలికి కొట్టుకొచ్చిన ఉప్పు ఇన్సులేటర్ మీద పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు దాని వల్ల ఏ ఇబ్బందీ లేదు. మంచుకో తుంపరకో తడిస్తే కరెంటుకు దారి ఇస్తుంది. "జోరు వానైతే కడిగేస్తాదమ్మా, తుంపరే సెడ్డది" అన్నాడాయన. లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపేశామన్న అనుమతి, తీసుకుని, ఎర్త్ చేసి, వరసగా ఇన్సులేటర్లన్నీ తుడిచాం. ఒకదానికి వెంట్రుకంత బీట ఉంటే మార్చాం. మర్నాడు ఫీడర్ నిలబడింది.

ఆ రోజే బజారుకు వెళ్ళి ఎర్ర అట్ట ఉన్న రిజిస్టరు కొన్నాను. మూడు గడులు గీశాను. మొదటి పేజీలో ఆయన పేరు రాసి చూపిస్తే, అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుకున్నాడు. వారం తిరక్కుండా ఇంకో ముగ్గురు తమకు తెలిసినవి చెప్పడానికి వచ్చారు.

అందరికీ నచ్చలేదు. "తప్పులు కాగితం మీద పెడితే రేపు మెమోలు వస్తాయి" అని పై అధికారి ఒకరు అడ్డుపడ్డారు. ఆయన భయం ఉత్తిదేమీ కాదు. మెమో వస్తుందంటే ఎవరైనా సంగతి దాచేస్తారు, రెండో చోట ఇంకొకరు అదే పొరపాటు చేస్తారు. మన పనిలో ఆ పొరపాటు ప్రాణం తీస్తుంది. అందుకే ఎవరి వల్ల జరిగింది అనే గడి నేను పెట్టలేదు, ఇప్పటికీ లేదు. ఒక్క నియమం మాత్రం పెట్టాను. లైన్ క్లియర్ లేకుండా చేసిన పని ఎంత గొప్పదైనా పుస్తకంలోకి ఎక్కదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు మా స్తంభాలూ నేలకూలాయి. బయటి జిల్లాల నుంచి బృందాలు వచ్చాయి. సముద్రం ఎరగని ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు, లేపిన లైను తెల్లారేసరికి ఎందుకు పడిపోతోందో అర్థం కాలేదు. మా మొదటి పేజీని జిరాక్స్ తీసి జీపు జీపుకీ పంచాం. వాళ్ళు ఊరికే తీసుకోలేదు. క్రేను వెళ్ళలేని తోటల్లో రెండు కర్రలు అడ్డంగా కట్టి, తాళ్ళతో స్తంభం ఎలా నిలబెట్టాలో మా కుర్రాళ్ళకు నేర్పి వెళ్ళారు. అది నాలుగో పుస్తకంలో ఉంది, ఆరుగురి పేర్లతో.

ఆ మధ్య ఒక ట్రైనింగులో జిరాక్స్ కంపెనీ మెకానిక్‌ల గురించి చెప్పారు. 1980లలో జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ళ వెంట తిరిగి, చేతిలో మాన్యువల్ ఉన్నా, టిఫిన్ దగ్గర ఒకరికొకరు చెప్పుకునే అనుభవాలే మిషన్లను బాగుచేస్తున్నాయని గమనించాడట. తర్వాతి దశకంలో ఆ చిట్కాలన్నిటినీ 'యురేకా' పేరుతో ఒకచోట చేర్చారు. ఫ్రాన్స్‌లో మొదలైందది. చిట్కాకు డబ్బు ఇమ్మంటారా అంటే మెకానిక్‌లు వద్దన్నారట, మా పేరు వేయండి చాలన్నారట. పక్క కుర్చీలో ఆవిడతో "మా మెషీన్స్ సారు ఇదే చేశారండీ, మన పాలిటెక్నిక్‌లో" అన్నాను. ఆవిడ మన కాలేజీ కాదు, అయినా "మన" అనే వచ్చింది నోట.

ఇప్పుడు నేను ఏడీఈని, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుని. గ్రామ, వార్డు సచివాలయాల్లో 2019లో చేరిన ఎనర్జీ అసిస్టెంట్లతో (లైను పని చూసే కుర్రాళ్ళూ అమ్మాయిలూ) కలిసి మాకో వాట్సాప్ గ్రూపు ఉంది. ఫొటో, జరిగింది, చేసింది, చెప్పినవాళ్ళ పేరు. గుడ్ మార్నింగులు నిషేధం. స్తంభం కింద నిలబడి అడిగిన కుర్రాడికి పది నిమిషాల్లో ముప్ఫై కిలోమీటర్ల అవతల నుంచి జవాబు వస్తుంది. అడగడానికి సిగ్గుపడేవాడికి మాత్రం ఫోన్ కూడా ఏమీ చేయలేదు. అలాంటివాణ్ణి నేనే టీకి తీసుకెళ్తాను. గ్రూపులో వచ్చిన మంచి సంగతులు ఆదివారం పూట కూర్చుని పుస్తకంలోకి ఎక్కిస్తాను, మెసేజీలు వారానికే అడుగున పడిపోతాయి కాబట్టి. మొన్న ఏడో పుస్తకం మొదలైంది. మొదటి పేజీ రాసింది ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయిన అమ్మాయి. స్తంభం నాకంటే వేగంగా ఎక్కుతుంది.

మెషీన్స్ సారు సమ్మేళనం రోజుకు వస్తున్నారని కమిటీ వాళ్ళు చెప్పారు. నా పుస్తకాల్లో మొదటిదీ నాలుగోదీ తెస్తున్నాను. మన ల్యాబు రిజిస్టరు బిల్డింగు మారినప్పుడు ఎవరో ఇంటికి తీసుకెళ్ళారని విన్నాను. ఎవరి దగ్గర ఉన్నా తీసుకురండి, ఏమీ అనం. డైనమో, నువ్వు తప్పకుండా రా. నీ పేజీ పక్కన కూర్చోబెట్టి నీకో ఫొటో తీయాలి, మా గ్రూపులో పెట్టడానికి.