ఒక్క ఈసినోఫిల్ కూడా కనపడలేదు

మా పెదనాన్నకి కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కి ముందు మామూలుగా రాసే రక్తపరీక్షలు రాసిచ్చారు. "మనమ్మాయి ల్యాబ్ ఉండగా బయట డబ్బులు దండగెందుకు" అని దుగ్గిరాల అవతల నుంచి పొద్దున్నే బస్సెక్కి తెనాలి వచ్చేశాడు. ల్యాబ్ నాది కాదు, నేను అందులో టెక్నీషియన్‌ని మాత్రమే అని పదేళ్ళుగా చెప్తున్నా వినడు.

ఊదారంగు మూత ట్యూబులో రక్తం తీసి మిషన్‌లో పెట్టాను. తెల్లకణాల కౌంట్ 16,400. మామూలుగా 4,000 నుంచి 11,000 లోపు ఉండాలి. పరగడుపు షుగర్ 142. ఈయనకి షుగర్ ఎప్పుడూ లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, యూరిన్ శుభ్రంగా ఉంది. రక్తం ఇచ్చేసి బయట బెంచీ మీద కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పుతున్నాడు.

"ఎక్కడో చీము పట్టి ఉంటుంది అక్కా, యాంటీబయాటిక్ మొదలుపెడతారు" అంది మా జూనియర్.

మా దగ్గరున్నది త్రీ పార్ట్ మిషన్. తెల్లకణాలని సైజు చూసి మూడు కుప్పలు పోస్తుందంతే. ఈసినోఫిల్స్‌ని, అంటే అలర్జీలప్పుడు పెరిగే ఒక రకం తెల్లకణాలని, విడిగా చెప్పదు. అందుకే కౌంట్ తేడాగా వచ్చిన ప్రతిసారీ నేను స్లైడ్ వేస్తాను. రోజుకి యాభై శాంపిళ్ళు వచ్చేచోట ఇది చాదస్తమే, ఒప్పుకుంటాను.

గాజుపలక మీద రక్తపు చుక్క లాగి, ఆరబెట్టి, లీష్మన్ స్టెయిన్ అనే రంగు పోసి రెండు నిమిషాలు, దాని మీద బఫర్ నీళ్ళు పోసి ఇంకో పది నిమిషాలు. కడిగితే గులాబీరంగు పొర మిగులుతుంది. ఆయిల్ చుక్క వేసి మైక్రోస్కోప్ హండ్రెడ్ ఎక్స్ లెన్స్ దించాను.

నిజంగా ఇన్ఫెక్షన్ ఉంటే న్యూట్రోఫిల్స్, అంటే సూక్ష్మజీవుల్ని మింగే తెల్లకణాలు, చూడగానే తెలిసిపోతాయి. ఒంట్లో ముదురురంగు ముతక రేణువులు, అక్కడక్కడా బుడగల్లాంటి ఖాళీలు. ఎముక మూలుగ తొందరపడి, ఇంకా పండని కణాలని కూడా పంపించేస్తుంది. కార్బైడ్ వేసే తీరిక కూడా లేక పచ్చికాయలే మార్కెట్‌కి తోలినట్టు. వాటి న్యూక్లియస్ ఇంకా విడిపోకుండా గుర్రపునాడాలా వంగి ఉంటుంది. బ్యాండ్ ఫార్మ్స్ అంటాం.

పెదనాన్న స్లైడ్‌లో అన్నీ పండినవే. దారానికి మూడు నాలుగు పూసలు గుచ్చినట్టు చక్కటి న్యూక్లియస్‌లు, ఒక్క ముతక రేణువు లేదు. వంద కణాలు లెక్కపెట్టాను, అనుమానం వచ్చి రెండొందలు పెట్టాను. న్యూట్రోఫిల్స్ 88 శాతం, మిగతా రకాల్లో లింఫోసైట్స్ 9, మోనోసైట్స్ 3. ఈసినోఫిల్స్ సున్నా. దుమ్ములోనూ పసుపుకొమ్ముల్లోనూ బతికిన మనిషి, ఏడాదికి రెండుసార్లు తుమ్ములతో చచ్చేవాడు. ఆయన పాత రిపోర్టుల్లో ఎప్పుడూ ఆరో ఏడో శాతం ఉండేవి.

ఈ కణాలకి కళ్ళు లేవు. సూక్ష్మజీవి వచ్చిందని వాటికి తెలిసేది వాసన పట్టినట్టు పట్టే రసాయనాల వల్లే. బ్యాక్టీరియా ఏ ప్రొటీన్ కట్టడం మొదలుపెట్టినా ముందు ఫార్మైల్ మెథియోనిన్ అనే ముక్క పెడుతుంది. న్యూట్రోఫిల్ పైన దాన్ని పట్టే రిసెప్టర్లున్నాయి. ఏ వైపు ఆ ముక్కల మోతాదు ఎక్కువుంటే ఆ వైపు కాలు చాపుతుంది. 1950ల్లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో డేవిడ్ రోజర్స్ తీసిన చిన్న ఫిల్మ్ ఒకటి మాకు కోర్సులో చూపించారు. ఎర్రకణాల మధ్య సందులు చేసుకుంటూ ఒక న్యూట్రోఫిల్ బ్యాక్టీరియా వెంట పడుతుంది. అది పక్కకి తిరిగితే ఇదీ తిరుగుతుంది, చివరికి మింగేస్తుంది. క్లాసంతా చప్పట్లు కొట్టాం.

తమాషా ఏంటంటే, మన కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా కూడా తమ ప్రొటీన్లని ఆ ఫార్మైల్ ముక్కతోనే మొదలుపెడతాయి. వాటి పూర్వీకులు బ్యాక్టీరియాలే కదా. అందుకే లారీ కింద పడి కాలు నుజ్జయిన మనిషికి, ఒక్క క్రిమి చేరకముందే కౌంట్ పెరిగిపోగలదు. చిట్లిన కణాల్లోంచి కారినవాటికి కూడా న్యూట్రోఫిల్ అలాగే పరిగెత్తుతుంది. దానికి అందింది కబురే, శత్రువు కాదు.

పెదనాన్న కణాలకి అందిన కబురు వేరే. మన న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం ఎప్పుడూ రక్తంలో కొట్టుకుపోతూ ఉండవు, సన్నటి రక్తనాళాల గోడలకి ఆనుకుని ఉంటాయి. తెనాలి బస్టాండు ముందు ఆటోల్లాగా. సగం రోడ్డు మీద తిరుగుతుంటాయి, సగం పక్కన ఆగి ఉంటాయి. నేను సూదితో తీసేది రోడ్డు మీదవే. భయపడినా, మెట్లెక్కి ఆయాసంతో వచ్చినా అడ్రినలిన్ వల్ల పక్కనున్నవి కొన్ని రోడ్డెక్కుతాయి. గుక్కపట్టి ఏడ్చే పిల్లాడి కౌంట్ చూసి తల్లి టెన్షన్ పడితే నేను ముందు అడిగేది, ఎంతసేపు ఏడ్చాడమ్మా అని.

స్టెరాయిడ్ మందు ఒంట్లో పడితే ఆ ఆగినవి పెద్దఎత్తున గోడ వదిలేస్తాయి. అతుక్కోవడానికి పనికొచ్చే అణువులు తగ్గిపోతాయి. మూలుగ నుంచి పండినవి ఇంకొన్ని దిగుతాయి, చావాల్సినవి కొంత ఆలస్యంగా చస్తాయి. కౌంట్ అమాంతం పైకి. అదే మందుకి షుగరూ పెరుగుతుంది, లింఫోసైట్స్ తగ్గుతాయి, ఈసినోఫిల్స్ దాదాపు కనపడకుండా పోతాయి. చూసేవాళ్ళకి ఒళ్ళంతా సైన్యం నిండినట్టుంటుంది. కానీ గోడకి అతుక్కోలేని కణం గోడ దాటి పుండు దగ్గరికి ఎలా వెళ్తుంది? ఆటోలన్నీ రోడ్డు మీదే, ఏదీ ఎక్కడా ఆగదు. అంకె పెరిగింది, కాపలా తగ్గింది. నాకు భయం వేసింది అందుకు. కంటికి కోత పెట్టబోతున్నారు.

బయటికెళ్ళి అడిగాను. "పెదనాన్నా, ఏం బిళ్ళలు వేసుకుంటున్నావ్?"

"బీపీ బిళ్ళొక్కటే. నీకు తెలియందేముంది."

"మోకాళ్ళకి?"

"ఏం లేదు." చట్నీ వైపు చూస్తూ చెప్పాడు.

పెద్దమ్మకి ఫోన్ చేశాను. "బియ్యం డ్రమ్ములో దాచుకున్నాడే అమ్మాయ్, నాకు తెలియదనుకుంటున్నాడు" అంది. సాయంత్రానికి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. న్యూస్‌పేపర్ పొట్లాలు, ఒక్కోదాంట్లో పేరు లేని తెల్లబిళ్ళ, పచ్చబిళ్ళ, కాస్త పొడి. సంతలో ఒకాయన ఇస్తాడట, పది నెలలుగా తింటున్నాడట. రెండోరోజుకే మోకాళ్ళు తేలికైపోయాయట. కావూ మరి.

అవేంటో నేను పరీక్ష చేయించలేదు. ఫిజీషియన్ రిపోర్టు చూసి, పొట్లాలు చూసి, మొహం ఉబ్బు చూసి స్టెరాయిడే అన్నారు. ఒక్కసారిగా మానేయొద్దని గట్టిగా చెప్పారు. ఇన్ని నెలలు బయటి నుంచి వస్తుంటే ఒంట్లో సొంత స్టెరాయిడ్ చేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి కూర్చుంటాయి, ఉన్నట్టుండి ఆపితే మనిషి కుప్పకూలొచ్చు. లెక్క తెలిసిన మందు రాసి వారాల తరబడి తగ్గించుకుంటూ వచ్చారు. కంటి డాక్టరైతే శుక్లం ఇంత ముదరడంలో కూడా ఈ పొట్లాల చెయ్యి ఉండొచ్చన్నారు.

ఆపరేషన్ మూడు నెలలు వెనక్కి పోయింది. దానికి ముందు మళ్ళీ రక్తం తీశాను. కౌంట్ 8,100. స్లైడ్ వేశాను. రక్తపు పొర తోక దగ్గర మూడో ఫీల్డులోనే ఈసినోఫిల్ దొరికింది, రెండు తమ్మెల న్యూక్లియస్, ఒంటినిండా నారింజరంగు రేణువులు. వందలో నాలుగు. జూనియర్‌ని పిలిచి చూపించాను. పెదనాన్నని కూడా పిలిచాను. మైక్రోస్కోప్‌లోకి ఎడమకన్ను పెట్టి కాసేపు చూశాడు.

"ఎర్రగా బానే ఉన్నాయిలే గానీ, మోకాళ్ళు మళ్ళీ పీకుతున్నాయే. దానికేమన్నా ఉందా నీ అద్దంలో?" అని బల్ల పట్టుకుని మెల్లగా లేచాడు.