సింగడి గిన్నెకి చీమలు పట్టకుండా

మా కుక్క సింగడికి 13 ఏళ్ళు నిండాయి. దవడ పళ్ళు చాలావరకు ఊడిపోయాయి. గిన్నెడు అన్నం తినడానికి గంట పడుతుంది. నాలుగు ముద్దలు తిని వెళ్ళి పడుకుంటాడు, కాసేపాగి మళ్ళీ వస్తాడు. అందుకే "పావుగంటలో గిన్నె తీసేయండి, చీమలు పట్టవు" అనే సలహా మా ఇంట్లో పనికిరాదు.

మాది భీమవరం పక్కన పల్లె. చుట్టూ వరిచేలు, చేపల చెరువులు. వాన పడిందంటే పుట్టల్లోకి నీళ్ళు చేరి, చీమలన్నీ మెట్టగా ఉన్న మా వెనక అరుగెక్కేస్తాయి. వాడి గిన్నె ఉండేది కూడా అక్కడే.

మొన్న ఆషాఢంలో ఒక సాయంత్రం కోడి లివరు ఉడికించి, ఆ నీళ్ళతోనే అన్నం మెత్తగా కలిపి పెట్టాను. వాడు మూతి పెట్టి, ఒక్కసారిగా వెనక్కి గెంతి, ముక్కుని కాలితో రుద్దుకోవడం మొదలుపెట్టాడు. పట్టుకుని చూస్తే పైపెదవి లోపల, గులాబీ రంగు చర్మానికి ఒక ఎర్ర చీమ కరుచుకుని వేలాడుతోంది. గోటితో లాగితే తల అక్కడే ఉండిపోయింది. కుట్టిన చోట గురిగింజంత పొంగింది. ఆ రాత్రి వాడు ఏమీ తినలేదు. నాకూ ముద్ద దిగలేదు.

పక్కింటి పిన్నిగారు చీమల చాక్‌పీసు తెచ్చి, గిన్నె చుట్టూ గీయమన్నారు. ఆవిడది మంచి మనసే, కానీ అది పురుగుమందు. సింగడు ఆ గీత మీదే నడుస్తాడు, పడుకుని కాళ్ళు నాకుతాడు. పైగా వాడు వదిలేసింది తినడానికి ఒక పిల్లి కూడా వస్తుంది. ఇలాంటి మందుల్లో కొన్నిటిని విరగ్గొట్టుకునే శక్తి పిల్లుల ఒంట్లో చాలా తక్కువ. అందుకని వద్దన్నాను. పసుపు చల్లి చూశాను, జల్లు పడగానే కొట్టుకుపోయింది.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఫ్రిజ్ లేదు. పాలగిన్నెని నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టేది, ఒక్క చీమ పట్టేది కాదు. సింగడికీ అదే చేశాను. వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ మధ్యలో ఇటుక ముక్క, దాని మీద స్టీలు గిన్నె, చుట్టూ మూడు వేళ్ళ లోతు నీళ్ళు. ముందుగా అరుగుని సబ్బునీళ్ళతో కడిగాను. చీమలు నడిచిన దారిలో వాసన వదులుతాయి, వెనకొచ్చేవి ఆ వాసన పట్టుకునే వస్తాయి, కడిగేస్తే దారి తప్పుతాయి.

ఆ పూట పక్కనే కూర్చుని చూశాను. బారు కట్టి బేసిన్ అంచు దాకా వచ్చాయి. ముందున్న చీమ మీసాలు నీళ్ళకి ఆనించి, అంచు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వెనక్కి తిరిగింది.

నాలుగో రోజు మళ్ళీ చీమలు! ఏమిటా అని చూస్తే, వేపరెమ్మ ఒకటి రాలి, ఒక కొస బేసిన్ అంచుకీ ఇంకో కొస ఇటుకకీ ఆని ఉంది. దాని మీదుగా ఒకదాని వెనక ఒకటి దాటేస్తున్నాయి. బేసిన్‌ని చెట్టుకి దూరంగా, సన్‌షేడ్ కిందకి జరిపాను. అన్నం మెతుకులు నీళ్ళలో పడి తెట్టు కట్టినా వాటికి దారి దొరుకుతుంది, అందుకే అవి తీసేస్తుంటాను.

నీళ్ళలో సబ్బుగానీ కిరసనాయిలుగానీ కలపకండి, ఎలాగూ కుక్కలు ఆ నీళ్ళు తాగుతాయి. రోజూ పొద్దున్నే ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకి పోసి, బేసిన్ తోమి, కొత్తవి పడతాను. వారం పదిరోజులు నిలవుంటే చాలు, డెంగీ దోమ గుడ్డు నుంచి దోమై లేచిపోతుంది.

ఇటుక మీద గిన్నె ఎత్తుగా ఉండటంతో సింగడికి మెడ వంచే బాధ కూడా తగ్గినట్టుంది. ఇప్పుడు రాత్రి పది దాటాక ఇటుక మీద గిన్నె టక్కుమంటుంది. రెండో విడతకి లేచాడని తెలిసి, నేను నిశ్చింతగా పక్కకి తిరిగి పడుకుంటాను.