రోజూ ఆఫీసుకి ఆర్‌ఎక్స్-8: కొనొచ్చా?

టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఒకాయన 2010 మోడల్ మజ్దా ఆర్‌ఎక్స్-8 స్పోర్ట్స్ కారు అమ్మకానికి పెట్టాడు. ఆరు గేర్ల మాన్యువల్, ఎనభై వేల మైళ్లు తిరిగింది, ఇంజన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే. కొన్నాళ్లుగా నాకు వేరే ధ్యాస లేదు. వీకెండ్‌లో సరదాగా తిప్పుకోవడానికి కాదు, ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్‌లో ఉన్న ఆఫీసుకి రోజూ వేసుకెళ్లడానికే చూస్తున్నాను.

ఇందులో ఉన్నది పిస్టన్లు లేకుండా, రోటర్లు తిరిగి నడిచే రోటరీ ఇంజన్. ఎవరినడిగినా ఒకటే మాట: రోటరీ జోలికి పోకు, ఇంజన్ పోతుంది. పోతున్న మాట నిజమే. 2004 నుంచి 2008 దాకా వచ్చిన బళ్లకి మజ్దా తనంతట తానే ఇంజన్ వారంటీని 8 ఏళ్లు, లక్ష మైళ్లకి పెంచాల్సి వచ్చింది. అయితే ఎలా పోతుందో తెలుసుకుంటే, ఎవరు కొనొచ్చో ఎవరు కొనకూడదో తేలిపోతుంది. నేను తేల్చుకున్నది అదే.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో జీవితమంతా లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఫోన్లో చెబితే ముందు, "మజ్దా అంటే మన స్వరాజ్ మజ్దాయేగా?" అన్నారు. పిస్టన్ లేదన్నాక మాత్రం కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి కంప్రెషన్ ఎక్కడ్నుంచి వస్తుందిరా?" అని అడిగారు. కంప్రెషన్ అంటే గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని మంటకి ముందు లోపల గట్టిగా నొక్కడం. ఆ ఒక్క ప్రశ్న మీదే సాగింది మా మాట.

మూడు మూలలున్న రోటర్ ఒకటి గుడ్డు ఆకారంలో ఉన్న గదిలో తిరుగుతుంది. నడుం దగ్గర ఆ గది కొంచెం నొక్కుకుపోయి ఉంటుంది. రోటర్ మూడు మూలల్లోనూ సన్నని పట్టీల్లాంటి ఎపెక్స్ సీల్స్ ఉంటాయి. పిస్టన్‌కి రింగులు చేసే పనే ఇక్కడ ఇవి చేస్తాయి. అలాంటి రోటర్లు రెండు, కలిపి 1308 సీసీ. రోటర్ ఒక్క చుట్టు తిరిగేలోపు షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అంటే మీటర్లో ముల్లు నిమిషానికి 9000 చుట్ల (ఆర్‌పీఎం) మీద ఉన్నప్పుడు లోపల రోటర్ తిరిగేది 3000 మాత్రమే. ఆ ఇంజన్ అంత నున్నగా పైకి లాగడానికి కారణం ఇదే. పైకీ కిందికీ కొట్టుకునేది ఏదీ లేదు.

కష్టమంతా ఆ సీల్స్ దగ్గరే. 1960ల్లో హిరోషిమాలో మజ్దాలో కెనిచి యమమోటో నడిపించిన 47 మంది ఇంజనీర్ల జట్టు తల బద్దలు కొట్టుకున్నదీ దాని మీదే. గది గోడల మీద పడే గీతల్ని వాళ్లు దయ్యం గోటి గాట్లు అనేవారట. అవి పోగొట్టాకే 1967లో మజ్దా మొదటి రోటరీ కారు కాస్మో స్పోర్ట్ రోడ్డెక్కింది. ఒక చిన్న కంపెనీ అంత మొండిగా ఒక ఇంజన్‌ని పట్టుకుని వేలాడి, 1991లో లె మాన్స్ 24 గంటల కారు రేసు కూడా గెలిచిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఈ బండి మీద నా మోజుకి సగం కారణం అదే, దాచుకోను.

సీల్స్‌కి తడి కావాలి కాబట్టి మజ్దావాళ్లు ఇంజన్ ఆయిల్‌నే కొద్దికొద్దిగా లోపలికి చిమ్మిస్తారు. ఆ ఆయిల్ పెట్రోల్‌తో పాటు కాలిపోతుంది. లీకేజీ కాదు, కావాలని చేసిందే. కొంతమంది ఓనర్లు ఇది చాలదని పెట్రోల్లోనే టూ స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు. ఇది చెప్పగానే నాన్న గొంతు మారింది: "బంకులో చేతక్‌కి కలిపించినట్టే కదరా!" అప్పట్నుంచి ఆయన నా పక్షం. 2009 నుంచి ఒక్కో రోటర్‌కి ఆయిల్ చిమ్మే నాజిల్స్ రెండు కాస్తా మూడయ్యాయి. నేను 2009కి ముందు బళ్ల వంక చూడకపోవడానికి కారణం ఇదే.

ఇక రోజువారీ సంగతి. చల్లగా ఉన్నప్పుడు ఈ ఇంజన్ పెట్రోల్ బాగా తాగుతుంది. స్టార్ట్ చేసి నిమిషంలోపే ఆపేస్తే కాలని పెట్రోల్ ప్లగ్గుల్ని తడిపి, సీల్స్ మీద ఉన్న ఆయిల్‌ని కడిగేస్తుంది. కంప్రెషన్ పడిపోతుంది, మళ్లీ స్టార్ట్ కాదు. మన ఇళ్లలో జరిగేది గుర్తు తెచ్చుకోండి. డ్రైవ్‌వేలో ఒకదాని వెనక ఒకటి మూడు కార్లు. అత్తయ్యగారు గుడికి బయల్దేరతారు, ఎవరో ఒకరు వెనక బండిని పదడుగులు జరిపి ఆపేస్తారు. మా టొయోటా కరోలాకి అదేం లెక్క లేదు. ఈ బండికి మాత్రం అంతకంటే చెడు అలవాటు ఇంకోటి లేదు. రెండు మైళ్ల దూరంలో డేకేర్, పక్క వీధిలో సరుకులకి పటేల్ బ్రదర్స్, ఇదే మీ రోజంతా అయితే ఎంత ముచ్చటపడ్డా కొనకండి.

నా దారి వేరు. 121 టోల్‌వే ఎక్కితే ఇర్వింగ్ దాకా దాదాపు పాతిక మైళ్లు, ఇంజన్ బాగా వేడెక్కి, మూడున్నర వేల ఆర్‌పీఎం దరిదాపుల్లో నిలకడగా పోతుంది. ర్యాంప్ మీద ఒక్కసారి 9000 దాకా లాగొచ్చు, అంతకు కాస్త ముందు బీప్ మని చెబుతుంది కూడా. అలా లాగితే లోపల కార్బన్ పేరుకోదు. ఈ బండి కోరుకునే దారి, నేను రోజూ పోయే దారి ఒకటే.

డబ్బు సంగతి తేలిగ్గా తీసేయను. సిటీలో గ్యాలన్‌కి 16 మైళ్లు, హైవేలో 22, అదీ ప్రీమియం పెట్రోల్. ఇంత చిన్న ఇంజన్‌కి ఇది చాలా ఎక్కువ. గది పొడుగ్గా, పల్చగా ఉండడంతో మంట మూలల దాకా అందదు. వారం ఆఫీసుకి తిరిగితే ట్యాంక్‌లో చాలా భాగం ఖాళీ.

అంతకంటే నన్ను ఆలోచింపజేసింది ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టడానికి కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్స్. కాయిల్ నీరసిస్తే పెట్రోల్ సరిగ్గా కాలదు, కాలనిది పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడుస్తుంది, అది పూడుకుపోతే వేడి వెనక్కి తన్ని ఇంజన్‌నే తినేస్తుంది. మధ్యలో చెక్ ఇంజన్ లైటు వెలిగిందంటే మా కౌంటీలో ఎమిషన్స్ టెస్ట్ (పొగ పరీక్ష) ఫెయిల్. కాయిల్స్, వైర్లు, ప్లగ్గులు పాడయ్యేదాకా ఆగకుండా ముప్పై వేల మైళ్లకోసారి మార్చేస్తే ఈ గొలుసు అక్కడే తెగిపోతుంది. సామాన్లు చౌక, పని ఇంట్లో చేసుకునేదే.

మా ఆవిడ పిల్లాడి సీటు పట్టుకునే వచ్చింది చూడ్డానికి. వెనక తలుపు వెనక్కి తెరుచుకుంటుంది, కానీ ముందు తలుపు తీస్తే తప్ప అది రాదు. "పార్కింగ్‌లో పక్కన బండి ఉంటే ఈ రెండు తలుపుల మధ్య ఇరుక్కుపోతామండీ," అంది. నూటికి నూరుపాళ్లు నిజం. సీటు మాత్రం పట్టింది.

అసలు పరీక్ష కంప్రెషన్. మామూలు గేజ్ పనికిరాదు, రోటర్ మూడు ముఖాల్నీ విడివిడిగా చూపించే టెస్టర్ కావాలి. బండిని రోటరీ పని తెలిసిన షాపుకి తీసుకెళ్లాం. 250 ఆర్‌పీఎం దగ్గర కొత్త ఇంజన్‌కి ఒత్తిడి 830 కేపీఏ (కిలోపాస్కల్స్) ఉండాలి, 680కి దిగితే విప్పాల్సిందే. దీనికి ముందు రోటర్ 760 దరిదాపు, వెనకది 740. ముఖాల మధ్య పెద్ద తేడా లేదు. బాగా వేడి మీద ఆపి మళ్లీ తాళం తిప్పితే వెంటనే అందుకుంది. నాన్నకి అంకెలు చదివి వినిపిస్తే, "తీసుకో" అన్నారు.

తీసుకుంటున్నాను. కరోలా ఇంట్లోనే ఉంటుంది. డేకేర్, కూరగాయలు, గుడి దానివే. ఇంజన్ రీబిల్డ్ చేయించాల్సి వస్తే చాలాసార్లు బండి ధర కంటే ఎక్కువవుతుంది కాబట్టి నెలనెలా కొంత పక్కన పెడతాను. రెండుసార్లు పెట్రోల్ కొట్టిస్తే ఒకసారి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో చూడ్డం. వచ్చిన వారమే కాయిల్స్ మార్చడం. టూ స్ట్రోక్ ఆయిల్ ఏ పాళ్లలో కలపాలన్నది మాత్రం నాన్నా నేనూ ఇంకా తేల్చుకోలేదు.