ముత్తాత పతకం విలువ కడుతున్నాను: ఇప్పటిదాకా తేలింది

అమ్మమ్మగారి సామాన్ల పంపకంలో ముత్తాత మిలిటరీ పతకం మా వాటాకి వచ్చింది. ఇంట్లో నాణేల పిచ్చి నాకే కాబట్టి ధర కట్టే పని కూడా నా నెత్తినే పడింది.

ముందు అదేమిటో తేల్చుకున్నాను. ఒకవైపు ఐదో జార్జి తల. రెండోవైపు గుర్రమెక్కిన దిగంబర రౌతు, గుర్రం కాళ్ల కింద గద్ద బొమ్మ ఉన్న డాలు, పుర్రె, అంచున 1914, 1918. ఇది బ్రిటిష్ వార్ మెడల్, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లకి ఇచ్చింది. 1919లో నెలకొల్పారు, వెండివే అరవై లక్షలకు పైగా పంచారు. "వందేళ్ల నాటిది, లక్షలొస్తాయి" అన్న బావ ఆశలు అక్కడే సగం కరిగిపోయాయి.

కానీ ఇదే పతకాన్ని కంచుతో కూడా సుమారు 1,10,000 చేశారు. అవి ఎక్కువగా లేబర్ కోర్‌లలో పనిచేసిన చైనా, మాల్టా, భారత కూలీలకు ఇచ్చినవి. లోహం చవకైనా సంఖ్య తక్కువ కాబట్టి సేకరణదారులు వాటికే ఎక్కువ పెడతారు. మాది నల్లగా మకిలి పట్టి ఉంది, కంటితో చూస్తే తేలదు. గీకి చూడ్డం నాకు ఇష్టం లేదు.

అందుకని నీళ్ల తూకం వేశాను. రిబ్బన్ విప్పేసి, 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తూకం మీద పొడిగా తూస్తే 31.62. తర్వాత గ్లాసుడు నీళ్లు తూకం మీద పెట్టి సున్నా చేసి, పతకాన్ని సన్నటి దారంతో వేలాడదీసి, అడుగుకీ గోడలకీ తగలకుండా పూర్తిగా ముంచితే 3.06. ఆ రెండోది పతకం పక్కకి నెట్టిన నీళ్ల బరువు. మొదటి అంకెని దానితో భాగిస్తే సాంద్రత 10.33. స్టెర్లింగ్ వెండి (నూటికి 92.5 పాళ్లు వెండి) సాంద్రత 10.3, 10.4 మధ్య ఉంటుంది. కంచయితే 9 కూడా దాటదు. కాబట్టి మాది వెండిదే. ఒక్క జాగ్రత్త: బొమ్మ సందుల్లో గాలి బుడగలు చిక్కుకుంటే లెక్క తప్పుతుంది. మెత్తటి బ్రష్‌తో వాటిని వదిలించాకే అంకె చూసుకోవాలి.

వెండి కొట్టువాడు ఇక్కడితో ఆగిపోయి తూకానికి డబ్బులిస్తాడు. అసలు సరుకు అంచు మీద ఉంది. పదింతలు చూపే భూతద్దం పెట్టి, టార్చి పక్కవాటుగా వేస్తే అక్షరాలు లేచొచ్చాయి: సైనికుడి నంబరు, సాపర్ (ఇంజనీరింగ్ దళంలో సిపాయి) అనే హోదా, పేరు, తర్వాత 2 క్యూ.వి.ఓ. ఎస్. & ఎం. అంటే రెండో క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. అదే మద్రాస్ సాపర్స్, ఇప్పుడు బెంగళూరులో ఉన్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. పాత పేరు ఆకురాయితో అరగదీసి కొత్త పేరు చెక్కే మోసాలుంటాయి కాబట్టి వెర్నియర్ కాలిపర్ పెట్టి అన్ని వైపులా వ్యాసం కొలిచాను. ఎటు తిప్పినా 36 మిల్లీమీటర్లే. హమ్మయ్య.

పెద్దత్త ఏటా సంక్రాంతికి దీన్ని చింతపండుతో తోమేదట. రాజుగారి గడ్డం నున్నబడిపోయింది, వెంట్రుకల గీతలు ఒక్కటీ మిగల్లేదు. పతకాల వాళ్లు ఆ నలుపునే ఇష్టపడతారు. ఇకమీద ఎవరూ తోమొద్దని ఇంట్లో చెప్పాను. పీవీసీ కవర్లో కూడా పెట్టడం లేదు, దాంట్లోంచి వచ్చే జిగురు లోహాన్ని తినేస్తుంది.

ధర విషయానికొస్తే, నెట్‌లో అమ్మకానికి పెట్టినవాళ్లు రాసుకునే రేట్లు చూసి ప్రయోజనం లేదు. అమ్ముడైన రేటు చూడాలి. లండన్‌లోని నూనన్స్ వేలం సంస్థ పాత వేలాల ఫలితాలు ఉచితంగా వెతుక్కోనిస్తుంది. నేను అక్కడే రెజిమెంట్ పేరుతో గాలిస్తున్నాను. అక్కడ కనిపించేది హ్యామర్ ప్రైస్, అంటే సుత్తి కొట్టి ఖాయం చేసిన పాట ధర. కొన్నవాడు దానిమీద కమిషన్ కడతాడు, అమ్మినవాడికి అందులోంచి కోత పడుతుంది. సాహస పతకమేదీ తోడు లేని విడి వార్ మెడల్ వెండి విలువ మీద ఓ మోస్తరుగా పైకి వెళ్తుందంతే.

దీనికి జత విక్టరీ మెడల్. ఇంద్రధనుస్సు రంగుల రిబ్బన్‌తో ఉండే కంచు పతకం. అది వచ్చిన ప్రతివాడికీ వార్ మెడల్ కూడా వచ్చింది, మాలాంటి వాళ్ల దగ్గర మాత్రం తరచు ఒక్కటే మిగులుతుంది. ఒకే పేరుతో రెండూ కలిసుంటే విలువ పెరుగుతుంది.

విదేశీ వేలానికి పంపేద్దామన్నాడు బావ. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలు, పనితనమున్న వస్తువులు పురావస్తువుల కిందికొస్తాయి, వాటిని మనలాంటి వాళ్లు దేశం దాటించకూడదు. ఇలాంటిది ముందు పురావస్తు శాఖని అడగకుండా పార్సెల్ కట్టడం చిక్కులు కొనితెచ్చుకోవడమే. బావ ఇంకా నమ్మడం లేదు.

అంచు మీద కంపెనీ (రెజిమెంట్‌లో ఆయన పనిచేసిన చిన్న దళం) నంబరు ఉండదు, అది తెలిస్తే తప్ప దళాలు రాసుకున్న యుద్ధ డైరీల్లో ఏది తిరగేయాలో తెలియదు. నంబరూ పేరూ రాసి బెంగళూరు రెజిమెంటల్ సెంటర్‌కి ఉత్తరం పంపాను. విక్టరీ మెడల్ కోసం పిన్ని బీరువా పై అర చూడాలి. తాళం బాబాయి దగ్గరుంది, ఆయన దసరాకి గానీ రారు.