క్రెష్ ఫీజు ఎవరి జీతంలోంచి?

పిల్లలు పుట్టాక ఆడవాళ్లు ఉద్యోగం చేయాలా మానేయాలా అన్న మాట ఏ ఇంట్లో వచ్చినా చివరికి ఒక లెక్క దగ్గరే తేలుతుంది. అమ్మ జీతం ఇంత, అందులో క్రెష్ ఫీజు తీసేయ్, రానూపోనూ ఖర్చులు తీసేయ్, ఇక మిగిలేదెంత, ఆమాత్రం దానికి ఇంత హైరానా ఎందుకు? వినడానికి బాగానే ఉంటుంది. కానీ బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఫీజు మాత్రం అమ్మ జీతంలోంచే ఎందుకు పోవాలి? నాన్న జీతంలోంచి తీసేసి చూసినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

పైగా ఆ లెక్కంతా ఈ నెల జీతంతోనే. క్రెష్ ఖర్చు పిల్లలు బడిలో పడేదాకానే. మధ్యలో మానేస్తే పోయే ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు, పెన్షన్ మాత్రం రిటైరయ్యేదాకా, ఆ తర్వాత కూడా వెంటాడతాయి. డెన్మార్క్‌లో సెలవులకీ క్రెష్‌లకీ కొదవ లేదు కదా, అక్కడ కూడా మొదటి బిడ్డ పుట్టేదాకా పక్కపక్కనే నడిచిన ఆడ, మగ సంపాదనల మధ్య ఆ తర్వాత దాదాపు 20 శాతం తేడా వచ్చి అలాగే ఉండిపోతోందని ఆర్థికవేత్త హెన్రిక్ క్లెవెన్ బృందం 2019లో చూపించింది. తండ్రి అయినందుకు మగవాళ్ల సంపాదన పెద్దగా కదల్లేదు!

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ దీనికి చెప్పే కారణం నాకు బాగా నచ్చింది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవాళ్లకే కొన్ని ఉద్యోగాల్లో జీతం బాగా ఎక్కువ, ఇంట్లో ఇద్దరూ అలా ఉండలేరు కాబట్టి ఒకరు తగ్గాలి, ఆ ఒకరు ఎవరో చెప్పక్కర్లేదు. దీనికి ఎదురు ఉదాహరణగా ఆవిడ అమెరికాలోని ఫార్మసిస్టులను చూపిస్తారు. మందుల వివరాలన్నీ కంప్యూటర్లో ఉంటాయి, ఒకరి బదులు ఇంకొకరు కౌంటర్ దగ్గర నిలబడొచ్చు, తక్కువ గంటలు చేసినా గంటకి ఇచ్చేది పెద్దగా తగ్గదు. అందుకే అక్కడ ఆడామగా తేడా చాలా తక్కువ. అంటే పనిని పంచుకునేలా మలిస్తే కుదురుతుందన్నమాట, అమ్మలకి పట్టుదల లేక కాదు. క్రెష్ ఖర్చు తగ్గించినా కుదురుతుంది, కెనడాలోని క్యూబెక్ 1997లో రోజుకి 5 డాలర్ల క్రెష్‌లు మొదలుపెట్టాక ఉద్యోగాల్లో చేరిన తల్లుల సంఖ్య బాగా పెరిగింది.

ఇంకా మారనిది ఫోన్. క్రెష్ ఫారంలో మా ఆయన నంబరే మొదట రాశాం, నాది రెండోది. పాపకి ఒళ్లు వెచ్చబడితే, మీటింగ్ మధ్యలో ఉన్నా సరే, మోగేది నా ఫోనే. ఆయనకి చేయండి అంటే, "సార్ బిజీగా ఉంటారేమోనని మేడం" అంటారు.