పెరటి అగేవ్ పూత: నిచ్చెన, దోమతెర, గబ్బిలాలు

మే చివర: మొవ్వులోంచి వెదురు కొమ్ములాంటి కాడ లేచింది. పదిహేనేళ్ల కిందట అమెరికాలో అరిజోనా రాష్ట్రపు టూసాన్‌కు వచ్చిన కొత్తలో నాటిన పామర్ అగేవ్ ఇది, మన కిత్తనారకు చుట్టం. ఒక్కసారి పూసి చచ్చిపోయే జాతి. అనంతపురంలో మా పొలం గట్టున కంచెగా ఉన్న కిత్తనార అయితే కాడ మీదే పిల్లమొక్కలు పెట్టి రాల్చేది, దానికి విత్తనం చూసిన గుర్తు లేదు. ఈ మొక్కకు అడుగున ఒక్క పిలక కూడా లేదు. వంశం నిలవాలంటే విత్తనమే దారి.

జూలై 8: కాడ 14 అడుగులు. పూత కింది గుత్తుల నుంచి పైకి వస్తోంది. ఉత్సాహంగా నిచ్చెనెక్కి, విచ్చిన పువ్వుకు దాని పుప్పొడినే కుంచెతో పూసి దిగాను. శ్రమంతా వృథా. ఈ పువ్వులో ముందు పుప్పొడినిచ్చే కేసరాలు పండుతాయి. అవి వాడిపోయాక గానీ అండాశయం మీది కాడ, అంటే కీలం, సాగదు, పుప్పొడిని పట్టే దాని కొన, అంటే కీలాగ్రం, మూడు పాయలుగా విచ్చి జిగురెక్కదు. నా పువ్వులకు మూడు రోజులు పట్టింది.

జూలై 11: ఈసారి పద్ధతిగా నాలుగు గుత్తులు ఎంచుకుని, ఒక్కోదానికి 30 పువ్వులు ఉంచి మిగతా మొగ్గలు తుంచేశాను. పాత దోమతెరతో సంచులు కుట్టాను. ఒక గుత్తికి సొంత మొక్క పుప్పొడి, రెండోదానికి మిత్రుడి పెరట్లోని అదే జాతి మొక్కది. దాన్ని సాయంత్రం సేకరించి కాగితం పొట్లంలో కట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్‌తో పాటు ఫ్రిజ్‌లో పెట్టాను. మూడో గుత్తి సంచి రాత్రి మాత్రమే తీస్తాను, నాలుగోది పగలు మాత్రమే. పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆకు రసం తగిలితే దద్దుర్లు, ముల్లు గుచ్చుకుంటే రెండు రోజులు సలుపు.

జూలై 24: రాత్రి తొమ్మిదిన్నరకు గబ్బిలాలు! మెక్సికో నుంచి వలస వచ్చే పొడుగు ముక్కువి. ఒక్కో పువ్వు దగ్గర రెప్పపాటు ఆగి, మొహమంతా పసుపు పూసుకుని వెళ్తున్నాయి, పేరంటానికి వచ్చినట్టు. 1988లో వీటిని అమెరికా అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చారు, 2018లో తీసేశారు. పగలు తేనెటీగలు, హమ్మింగ్‌బర్డ్‌లు. ఒక రాత్రి వాన హోరులో నాలుగో గుత్తి సంచి కట్టడం మరిచాను. ఆ లెక్క పూర్తిగా నమ్మదగింది కాదు.

అక్టోబర్ 20: కాయలు ఎండి పగులుతున్నాయి. సొంత పుప్పొడికి రెండే కాయలు, లోపల దాదాపు అన్నీ తెల్ల విత్తనాలు, అంటే తాలు. మిత్రుడి పుప్పొడికి 19 కాయలు, విత్తనాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. రాత్రి గుత్తికి 11, పగటి గుత్తికి 9. గబ్బిలానిదే సింహభాగం అనుకున్నాను, తేనెటీగలు తీసిపోలేదు. ఒక్క మొక్క మీద చూసిన మాట ఇది, అంతకు మించి సాగదీయను.

నవంబర్ 2: ఇసుక, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) కలిపిన ట్రేలో 40 నల్ల విత్తనాలు చల్లి, పైన గాజు పలక కప్పి వంటింటి కిటికీలో పెట్టాను. తొమ్మిదో రోజున సూదుల్లాంటి మొలకలు. గాజు పలక తీయడం ఆలస్యం చేసి ఆరు మొలకలను కుళ్లబెట్టుకున్నాను. ఎండిన కాడను కోద్దామని రంపం తెచ్చాను గానీ, దాన్ని ఒక గండుతుమ్మెద తొలుస్తోంది. రంపం మళ్లీ గ్యారేజీలోకే వెళ్లింది.